ఫిబ్రవరిలో ఒంటరి తేనెటీగలు మీ బాల్కనీకి రావాలంటే

బెంగళూరులో చలి విరిగి ఎండ చురుక్కుమనడం మొదలయ్యాక, కానుగ చెట్లు పూతకొచ్చి ఫుట్‌పాత్‌ల మీద మరమరాలు పోసినట్టు పూలు రాలే లోపు, ఒంటరి తేనెటీగలు గూళ్లు కట్టుకునే పనిలో పడతాయి. నల్ల తుమ్మెద, నీలి చారల ఈగ, ఆకులు కత్తిరించే ఈగ, అన్నీ ఈ జాతే. వీటికి పట్టు ఉండదు, రాణి ఉండదు, ప్రతి ఆడ ఈగా తన పిల్లల తిండి తనే తెచ్చుకోవాలి. గదికో పుప్పొడి ముద్ద పెట్టి, దాంట్లో కాస్త తేనె కలిపి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. అందుకే నర్సరీకి వెళ్లినప్పుడు రంగు చూసి కాదు, పుప్పొడి చూసి మొక్కలు కొనండి. రేకులు ముద్దగా ఉండే హైబ్రిడ్ పూలలో చాలావాటికి కేసరాలే రేకులుగా మారిపోయి ఉంటాయి, అక్కడ పుప్పొడి దొరకడం కష్టం.

ముందు ఉన్న మొక్కల దగ్గరే ఉదయం ఎనిమిది, పది మధ్య ఓ పావుగంట కూర్చోండి. భయం అక్కర్లేదు, కాపాడుకోవడానికి పట్టు లేదు కాబట్టి ఇవి మీద పడవు, చేత్తో నలిపితే తప్ప కుట్టవు. మామూలు తేనెటీగ పుప్పొడిని తడిపి వెనక కాళ్లకి ఉండలా అంటించుకుంటుంది. ఒంటరి ఈగల్లో చాలావాటికి అది పొడిగా వెంట్రుకల్లోనే ఉంటుంది, ఆకులు కత్తిరించే ఈగకైతే పొట్ట కింద. పొట్ట పసుపు పూసినట్టుంటే అది పుప్పొడి పనిమీద ఉన్నట్టే. తుమ్మెద పువ్వు మొదట్లో పక్కనుంచి కన్నం పెడుతుంటే మాత్రం తేనె కోసమే వచ్చింది.

వంగ మొక్క తప్పకుండా పెట్టండి. వంగ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి కేసరాల కొసల్లోని సన్నటి రంధ్రాల్లోంచే రావాలి. నీలి చారల ఈగ వచ్చి కేసరాలని గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒళ్లు వణికిస్తుంది, అప్పటిదాకా ఉన్న రొద ఒక్కసారిగా సన్నగా, హెచ్చుగా మారుతుంది, ఉప్పు డబ్బా దులిపినట్టు పొడి దాని మీద రాలుతుంది. మామూలు తేనెటీగకి ఈ విద్య రాదు. టమాటా, తంగేడు కూడా ఈ కోవకే వస్తాయి. ఈగలు ఇంకా రాకపోతే ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక వైపు పువ్వు కాడకి ఆనించి చూడండి, కింద నల్ల కాగితం పెడితే రాలే పొడి కనిపిస్తుంది.

ఆకులు కత్తిరించే ఈగకి చిక్కుడు జాతి పూలంటే ప్రాణం. నా ఓటు జనుముకి, పెద్ద కుండీలో చల్లితే రెండు నెలల్లోపే పూస్తుంది. ఈగ వాలి అడుగు రేకుని నొక్కగానే కొసలోంచి పుప్పొడి, పేస్టు ట్యూబు నొక్కినట్టు బయటికొచ్చి నేరుగా పొట్టకి అంటుకుంటుంది. మరీ చిన్న ఈగలకి ధనియాలు, ఆవాలు చల్లి కోయకుండా పూతకి వదిలేయండి.

వేపనూనె కొట్టాలంటే చీకటి పడ్డాకే, అదీ పూల మీద పడకుండా.

గూడు లేకపోతే పూలున్నా లాభం లేదు. రెండేళ్ల కిందట మా మేడ మీద ఎండిన గులాబీ కొమ్మలు విరిచి చెత్తలో వేస్తుంటే ఒకదాంట్లో గదులు గదులుగా పసుపు ముద్దలు, వాటి మీద తెల్లటి పిల్లలు కనిపించాయి, ఇప్పటికీ తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఎండు కొమ్మల్ని అలాగే ఉంచండి. నీలి చారల ఈగలు మట్టిలో తవ్వుకుంటాయి, వాన తగలని మూల ఒక కుండీలో ఎర్రమట్టి గట్టిగా దట్టించి ఖాళీగా వదలండి. పెన్సిలు పట్టేంత బెజ్జమున్న వెదురు గొట్టాలు, ఓ జానెడు పొడవువి, వెనక వైపు మూసినవి, పొద్దున్నే ఎండ పడే గోడకి ఊగకుండా కట్టండి. గొట్టం మూతి ఆకు ముక్కలతో మూసి ఉంటే లోపల పిల్లలున్నట్టే, అవి తొలుచుకుని బయటికొచ్చేదాకా దాన్ని కదపకండి.