కీరదోస సలాడ్: ముందు నీటి సంగతి చూడండి

కీరదోసలో నూటికి 95 పాళ్లు నీరే. తరిగి ఉప్పు చల్లి పదిహేను నిమిషాలు ఉంచితే ఆ నీరు గిన్నె అడుగున నిలుస్తుంది. ఏ దేశపు కీర సలాడ్ చేసినా ఆ నీటిని ఎలా దారికి తేవాలన్నదే అసలు పని. ఇన్నేళ్లుగా చేస్తూ నేను గట్టిగా నమ్మేది ఇదే.

ముందుగా చేదు చూడండి. అది తొడిమ వైపు, తొక్క కిందే ఎక్కువ. ఆ కొస కోసేసి పక్క ముక్కను నాలుకకు తాకించండి. అప్పటికీ చేదుగా ఉంటే ఆ కాయను వదిలేయండి.

మా ఇంట్లో శ్రీరామనవమి వడపప్పుతోనే నాకు కీర రుచి తెలిసింది. అర కప్పు పెసరపప్పు గంటసేపు నానాలి. గింజ గోటితో నొక్కితే విరగాలి గానీ పిండి కాకూడదు. నీరంతా వడకట్టి గుడ్డ మీద కాసేపు ఆరనివ్వండి. సన్నగా తరిగిన కీర, పచ్చికొబ్బరి, పచ్చిమిర్చి, కొత్తిమీర, దొరికితే పుల్లమామిడి తురుము కలపండి. ఉప్పు, నిమ్మరసం మాత్రం వడ్డించే ముందే. ఇక్కడ నీటిని ఊరనివ్వకపోవడమే కిటుకు. కన్నడిగుల కోసంబరి దీనికి తోబుట్టువు, దానికి ఆవాలు, ఇంగువ తాలింపు పడుతుంది. మరాఠీల ఖమంగ్ కాకడీలో వేయించిన పల్లీల పొడి ఊరిన నీటిని పీల్చుకుంటుంది. పొడి బరకగా ఉంటేనే బాగుంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చైనా వారి పాయ్ హువాంగ్ గువా. పాయ్ అంటే కొట్టడం. కాయను పలక మీద పెట్టి, వెడల్పాటి కత్తిని దాని మీద అడ్డంగా ఆనించి అరచేతితో ఒక్క దెబ్బ వేయండి. అలాంటి కత్తి లేకపోతే అప్పడాల కర్ర చాలు. తొక్క టప్పున పొడవునా చీలి, గింజల జిగురు బయటపడుతుంది. నున్నటి చక్రాల మీది నుంచి జారిపోయే పులుసు ఈ గరుకు అంచులను పట్టుకుని ఉంటుంది. రెండు కాయలను ముక్కలు చేసి, అర చెంచా ఉప్పు చల్లి పది నిమిషాలు జల్లెడలో ఉంచండి. తర్వాత దంచిన వెల్లుల్లి రెండు రెబ్బలు, చెంచా వెనిగర్, చెంచా సోయా సాస్, అర చెంచా చక్కెర కలపండి. వారు వాడే నూనె వేయించిన నువ్వులది. మన గానుగ నువ్వుల నూనెకు ఆ వాసన రాదు. అందుకే నేను రెండు చెంచాల నువ్వులు ఎర్రగా వేయించి, వేడి మీదే నలిపి చల్లుతాను.

జపాన్ సునోమోనోకు కీరను కాగితమంత పలచగా తరిగి, ఉప్పులో ఊరనిచ్చి, గుప్పిట్లో పిండి, బియ్యపు వెనిగర్, చక్కెర కలపడమే. గ్రీకుల పెరుగు పచ్చడి జాజికికి కీరను తురిమి గుడ్డలో గట్టిగా పిండాలి. ఒకసారి తొందరలో పిండకుండానే కలిపాను. గంటకల్లా గడ్డపెరుగు మజ్జిగలా పలచబడింది. పిండిన తురుముకు వెల్లుల్లి, ఆలివ్ నూనె చేర్చి గడ్డపెరుగులో కలపండి.

పిండిన నీటిని పారబోయకండి. అందులో ఉప్పు ఉంటుంది కనుక మళ్లీ ఉప్పు వేయకుండా చల్లటి మజ్జిగలో కలిపి, అల్లం ముక్క, రెండు కరివేపాకు రెబ్బలు నలిపి వేయండి.