ఉద్దానం దాకా బైక్ మీద: చారిటీ రైడ్‌లో వచ్చే ఇబ్బందులు, వాటి కారణాలు, పరిష్కారాలు

విజయనగరంలో పొద్దున్నే బయల్దేరి, శ్రీకాకుళం మీదుగా సాయంత్రానికి ఇచ్ఛాపురం చేరతాం. రెండో రోజు కవిటి, సోంపేట, మందస వైపు ఊళ్లు తిరిగి పలాసలో బస. మూడో రోజు టెక్కలి, పాతపట్నం, పాలకొండ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా ఇంటికి. అంతా కలిపి సుమారు 500 కిలోమీటర్లు. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్ (యంత్రంతో రక్తం శుద్ధి) చేయించుకునేవాళ్ల దారి ఖర్చుల కోసం డబ్బు పోగుచేసే రైడ్ ఇది. సర్కారు కేంద్రంలో డయాలసిస్ ఉచితంగానే జరుగుతుంది. కానీ వారానికి రెండు మూడు సార్లు, తోడుగా ఇంకో మనిషిని వెంటబెట్టుకుని ఆటోలో వెళ్లిరావాలంటే కూలి చేసుకునే ఇంటికి అది చాలా పెద్ద ఖర్చు.

నేను ఈ గుంపులో చివరి బండి నడుపుతాను. రైడర్లు దాన్ని స్వీప్ అంటారు. టూల్ కిట్, మందుల పెట్టె నా దగ్గరే ఉంటాయి కాబట్టి ఎవరి బండి ఆగినా, ఎవరికి నలతగా ఉన్నా చూసుకోవలసింది నేనే. ఆగినవాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఒకటే: "పొద్దుటి నుంచే తెలుస్తోందన్నా. మంచి పనికి వెళ్తున్నాం, నా ఒక్కడి కోసం అందరినీ ఆపడమెందుకని ఊరుకున్నాను." కింద రాసిన ఇబ్బందుల్లో సగం ఆ ఊరుకోవడం వల్ల పెద్దవైనవే.

అరగంట నడిచి బండి ఆగిపోతోంది, కాసేపు ఆగితే మళ్లీ స్టార్టవుతోంది

అందరూ ముందు ప్లగ్గు విప్పుతారు. దానికంటే ముందు పెట్రోల్ ట్యాంకు మూత తెరిచి చూడండి. తెరవగానే 'సుయ్' మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆ వెంటనే బండి మామూలుగా స్టార్టయితే కారణం దొరికినట్టే. మూతలో గాలి పోయే సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. అది మూసుకుపోతే పెట్రోల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రాదు, పెట్రోల్ కిందికి దిగదు. కార్బురేటర్ ఉన్న పాత బండ్లలో ఇది ఎక్కువ.

చారిటీ రైడ్‌లో ఆ రంధ్రం మూసుకుపోవడానికి దుమ్ముతో పాటు ఇంకో కారణం బ్యానర్. నరసన్నపేట దాటాక ఒక తమ్ముడి బండి ఇలాగే రెండుసార్లు ఆగింది. ట్యాంకు మీద ఫ్లెక్సీ ముక్క పరిచి, మూత మీదుగా టేపు వేసి అంటించాడు. టేపు తీసేశాక ఇచ్ఛాపురం దాకా బండి మళ్లీ ఆగలేదు. ట్యాంకు మీద స్టిక్కర్ వేసుకోండి, మూత జోలికి మాత్రం వెళ్లకండి.

వేగం పెరిగితే హ్యాండిల్ ఊగుతోంది, పక్క నుంచి లారీ వెళ్తే బండి తోసుకుపోతోంది

ఇక్కడా ముందు జెండాను అనుమానించండి. వెనక క్యారియర్‌కు నిలువుగా కట్టిన పెద్ద జెండా తెరచాపలా గాలి పట్టుకుంటుంది. మన హైవే చాలాచోట్ల సముద్రానికి దగ్గరగా సాగుతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి పక్కగాలి గట్టిగా ఉంటుంది. జెండా చిన్నది చాలు, అదీ ఊళ్లలోకి వచ్చాక కట్టుకుంటే సరిపోతుంది.

జెండా లేకపోయినా ఊగుతుంటే సామాను ఎక్కడ ఉందో చూడండి. సీటు వెనక ఎత్తుగా కట్టిన బ్యాగు ముందు చక్రం మీది బరువు తగ్గిస్తుంది. బరువైనవి కిందికి, మీ నడుముకు దగ్గరగా రావాలి. తర్వాత టైర్లలో గాలి. పొద్దున్నే, బండి నడపకముందే చూడాలి. వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. ఇవన్నీ సరిగ్గా ఉండీ ఊగుతుంటే బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ముందు ఫోర్కులు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. 'టక్' మంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) వదులైంది. అది రోడ్డు పక్కన సర్దుకునే పని కాదు, మెకానిక్ దగ్గరికి నెమ్మదిగా వెళ్లాలి.

ఊళ్లో ఊరేగింపుగా వెళ్తుంటే ఇంజన్ మరిగిపోతోంది, క్లచ్ జారుతోంది

పలాస - కాశీబుగ్గలో మిట్టమధ్యాహ్నం, ఫస్ట్ గేరులో, నడకంత వేగంతో ముప్పావుగంట. గాలితో చల్లబడే ఇంజన్‌కు ఇంతకంటే కష్టం లేదు. పైగా ముందు భాగంలో బ్యానర్ కట్టి ఉంటే ఇంజన్ రెక్కలకు గాలే తగలదు. హాఫ్ క్లచ్ మీద నడపడంతో క్లచ్ ప్లేట్లు వేడెక్కి, రేజ్ ఇస్తే చప్పుడు పెరుగుతుంది కానీ బండి కదలదు.

పక్కకు తీసి ఆపేయండి, నీడలో చల్లారనివ్వండి. ఇంజన్ మీద నీళ్లు పోయకండి, వేడి లోహం ఒక్కసారిగా చల్లబడితే పగిలే ప్రమాదం ఉంది. చల్లారాక క్లచ్ లివర్ కొసను వేలితో కదిపి చూడండి. కేబుల్ బిగుసుకోకముందు కొంచెం ఖాళీగా ఆడాలి. బొత్తిగా ఆడకపోతే క్లచ్ పూర్తిగా పట్టడం లేదన్నమాట, కేబుల్ కాస్త వదులు చేయండి. అసలు పరిష్కారం మాత్రం నిర్వాహకుల చేతిలో ఉంది. ఊరేగింపు పొద్దున 8 లోపు పెట్టాలి, అదీ 10 నిమిషాలకు మించకూడదు. ఆసుపత్రి ముందు అసలు వద్దు.

చైను టకటకమంటోంది

వదులైంది, లేదా ఎండిపోయింది. ఎంత వదులు ఉండాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లకు 25 - 30 మిల్లీమీటర్లు. వెనక చక్రం తిప్పుతూ చైను ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడ కొలవాలి. భయపడి మరీ బిగించకండి, వెనక మనిషి కూర్చున్నాక అది ఇంకా బిగుసుకుని బేరింగులు తినేస్తుంది. 500 కిలోమీటర్లకు ఒకసారి లూబ్ (చైనుకు వేసే నూనె) వేయాలి. అంటే ఈ రైడ్‌కు బయల్దేరే ముందు రోజు రాత్రి ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి. మధ్యలో వాన తగిలితే ఆ రాత్రే మళ్లీ వేయండి.

పంక్చర్

ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగి, గాలి నిలుస్తుంటే మేకు పీకకండి. అలాగే నెమ్మదిగా షాపు దాకా నడపండి. స్పోకుల చక్రానికి ట్యూబు ఉంటుంది, గాలి ఒక్కసారిగా పోతుంది. బ్రేకు గట్టిగా వేయకుండా, హ్యాండిల్ నిటారుగా పట్టుకుని ఆగనివ్వండి. గుంపులో ఉన్న బండ్ల సైజులకు సరిపడా స్పేర్ ట్యూబులు స్వీప్ దగ్గర ఉండాలి. కొత్తూరు - పాలకొండ మధ్య చీకటి పడితే షాపు వెతుక్కోవడం కష్టం.

గుంపు చెల్లాచెదురైంది

ముందున్నవాళ్లు 350 సీసీ బండ్లు. వెనక 100 సీసీ మీద భార్యాభర్తలు. లీడ్ (అందరికంటే ముందు నడిచే బండి) వేగాన్ని అందుకోలేక వెనకవాళ్లు శక్తికి మించి తోలుతారు. ప్రమాదాలు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. చిన్న బండ్లను లీడ్ వెనకనే పెట్టండి, అందరి వేగం వాటిదే అవుతుంది. పక్కపక్కన నడపొద్దు. ఒకరు లేన్‌లో కుడివైపు, తర్వాతివారు ఎడమవైపు, ముందు బండికి కనీసం రెండు సెకన్ల దూరంలో ఉండాలి. ప్రతి ఒక్కరూ తమ వెనక బండిని అద్దంలో చూసుకోవాలి. మలుపు దగ్గర, వెనకవాడు మిమ్మల్ని చూశాడని తెలిసేదాకా ఆగండి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఫోన్లతో పని లేదు. నాతవలస, మడపాం టోల్ గేట్ల దగ్గర టూవీలర్లకు డబ్బు కట్టక్కర్లేదు. ఎడమ పక్క దారిలో ఒక్కొక్కరుగా దాటి, కాస్త ముందుకెళ్లి కలుసుకోండి.

ఊళ్ల రోడ్ల మీద నవంబర్, డిసెంబర్‌లలో ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద టైరు ఇసుకలో జారినట్టు జారుతుంది. అది రైతు పంట కూడా. దిగి నెట్టుకుంటూ వెళ్లినా తప్పు లేదు.

ఎవరైనా పడిపోతే 108, లేదా 112. హైవే మీదయితే 1033కి కూడా చేయొచ్చు. పడినవారికి ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగేయకండి, మెడకు దెబ్బ తగిలి ఉండొచ్చు. సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామన్న భయం వద్దు. సాయపడినవారికి రక్షణగా 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ సెక్షన్ చేర్చారు.

తల పగిలిపోతోంది, నడుము విరిగిపోతోంది, "అన్నా, మాత్రుంటే ఒకటి పడెయ్యి"

ఈ ఒక్క భాగమైనా పూర్తిగా చదవండి. మొదటి రోజు సాయంత్రం నేను ఎక్కువగా వినే మాట ఇది. మందుల పెట్టెలో నొప్పి మాత్రలు ఉంటాయి, అడిగినవాడికి ఇస్తాం. ఇలా నేనూ ఒక ఏడాది ఇచ్చాను. మరునాడు సోంపేటలో ఒక నర్సమ్మ మా పెట్టె చూసి, డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రల పట్టీ బయటికి తీసి అడిగింది: "ఏ జబ్బు కోసం వచ్చారో ఆ జబ్బే తెచ్చుకుంటారేటి బాబూ?"

బండి మీద వెళ్తుంటే చెమట పట్టిందని తెలియదు, గాలికి వెంటనే ఆరిపోతుంది. దాహం వేసేసరికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. బాత్రూంకు ఎక్కడ ఆపుతామోనని నీళ్లు తక్కువ తాగేవాళ్లూ ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం తక్కువగా అందుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఎండ, నీటి కొరత, మాత్ర మూడూ కలిస్తే మంచి కిడ్నీ కూడా దెబ్బతినొచ్చు. ఉద్దానంలో ఈ జబ్బు ఇంతగా ఎందుకుందో కారణం ఇప్పటికీ తేలలేదు. మన గుంపులో ఆ ఊళ్లవాళ్లూ ఉంటారు. తమ కిడ్నీలు ఎలా ఉన్నాయో చాలామందికి తెలియదు, ఎందుకంటే మొదట్లో ఏ లక్షణమూ కనిపించదు.

తలనొప్పికి మందు నీళ్లే. ప్రతి గంటకూ ఆగాలి, ఆగినప్పుడల్లా తాగాలి. మూత్రం ముదురు పసుపులో వస్తుంటే చాలడం లేదని అర్థం. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కాదు. పొద్దున బయల్దేరే ముందు చోడి (రాగి) అంబలి తాగితే కడుపు నిండుగా, చల్లగా ఉంటుంది. ఆడవాళ్లకు అనువైన బాత్రూం ఉన్న పెట్రోల్ బంకులు ముందే చూసిపెట్టి, ఆ జాబితా అందరికీ ఇవ్వండి. అప్పుడే నీళ్లు తాగమనే మాట పనిచేస్తుంది. ఇప్పటికే కిడ్నీ, గుండె జబ్బులున్నవారు మాత్రం నీళ్లయినా ఓఆర్ఎస్ అయినా డాక్టర్ చెప్పిన కొలత ప్రకారమే తీసుకోవాలి.

నడుము నొప్పికి దిగి పది నిమిషాలు నడవండి, వీపు మీది బ్యాగు తీసి బండికి కట్టండి. అయినా తగ్గకపోతే డాక్టర్‌ను అడిగి పారాసెటమాల్ వేసుకోండి. మా పెట్టెలో ఇప్పుడు వేరే నొప్పి మాత్ర లేదు. ఎవరైనా కోప్పడినా నేను ఇవ్వను.

భోజనం చేశాక కళ్లు మూతపడుతున్నాయి

టీ తాగి ముందుకెళ్దామనకండి. నిద్ర ముంచుకొచ్చినప్పుడు టీ దాన్ని కాసేపు వెనక్కి నెడుతుంది, అంతే. ఏ చెట్టు కిందో 20 నిమిషాలు పడుకోండి. బిర్యానీ రాత్రికి పెట్టుకుని, మధ్యాహ్నం పెరుగన్నంతో సరిపెట్టుకోండి.

పంచిన పళ్లు అలాగే మిగిలిపోయాయి

ఉద్దానం కొబ్బరి సీమ. వెళ్లినవాళ్లు ప్రేమగా కొబ్బరిబొండాలు, అరటిపళ్లు, బత్తాయి రసం తీసుకెళ్తారు. రోగులు వద్దంటే మొహమాటమనుకుని బలవంతం చేస్తారు. అది మొహమాటం కాదు. కిడ్నీలు పనిచేయనివారి రక్తంలో పొటాషియం పేరుకుంటుంది, అది గుండెను ఆపేసేంత ప్రమాదం. ఈ మూడింటిలోనూ పొటాషియం ఎక్కువ. వాళ్లు రోజుకు తాగే నీళ్లకు కూడా లెక్క ఉంటుంది.

ఏం తేవాలో ముందే ఫోన్ చేసి కేంద్రంలోని సిబ్బందిని అడగండి. దాదాపు 4 గంటలు మంచం మీద ఉండి బయటికొచ్చిన మనిషికి ఇంటికి వెళ్లి పడుకోవాలని ఉంటుంది, మన ఉపన్యాసం వినే ఓపిక ఉండదు. లోపలికి ఇద్దరు వెళ్తే చాలు, మిగతావాళ్లు ఇంజన్లు ఆపి దూరంగా ఉండండి. అడగకుండా ఫొటో తీయకండి. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇళ్లవి.

డబ్బు ఇచ్చినవాళ్లు లెక్క అడుగుతున్నారు

అడగడం వాళ్ల హక్కు. పెట్రోలుకు ఎంత, టీషర్టులకు ఎంత, రోగులకు ఎంత అన్నది ముందే రాసి చూపకపోవడం వల్ల ఈ ఇబ్బంది వస్తుంది. మా పద్ధతి ఇది: పెట్రోలు, బస, తిండి ఎవరివి వాళ్లే పెట్టుకుంటారు, విరాళంలో ఒక్క రూపాయి ముట్టం. ఖాతాలో డబ్బు తీయాలంటే రెండు సంతకాలు కావాలి. పది రూపాయలకైనా రసీదు ఇస్తాం. విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు (80జీ) కావాలన్నవారికి ఆ గుర్తింపు ఉన్న ట్రస్టు ఖాతాకే వేయమని చెప్పండి. 2000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదని కూడా ముందే చెప్పాలి.

తుపాను హెచ్చరిక వచ్చింది, అంతా సిద్ధంగా ఉంది

హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న మన తీరాన్ని తాకాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కాబట్టి దసరా సెలవులు కలిసొస్తాయని అక్టోబర్‌లో పెట్టకండి. జనవరి, ఫిబ్రవరి మేలు, కాకపోతే హైవే మీద మంచు విడిచాకే బయల్దేరాలి. ఏ నెలలో పెట్టినా, హెచ్చరిక వస్తే రైడ్ వాయిదా వేయండి. పోగైన డబ్బును మాత్రం వాయిదా వేయకండి. దారి ఖర్చు అందాల్సిన మనిషి ఆ వారం కూడా డయాలసిస్‌కు వెళ్లాలి. అనుకున్న తేదీకే బ్యాంకు ద్వారా పంపి, రసీదు కాపీ దాతలందరికీ పంపండి.