ఆసుపత్రి కిటికీని దిండు మీంచి గీయండి

ఆసుపత్రి గది ప్లాన్ చేతికొస్తే నేను ముందు మంచం ఎటు ఉందో చూస్తాను. కిటికీ ఎంత పెద్దదన్నది తర్వాత. ఇంటికైనా ఆఫీసుకైనా కిటికీ గీసేటప్పుడు నిలబడ్డవాళ్లనో కూర్చున్నవాళ్లనో దృష్టిలో పెట్టుకుంటాం. ఇక్కడ మనిషి రోజంతా పడుకునే ఉంటాడు.

అందుకని సెక్షన్‌లో, అంటే గదిని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగులో, మంచం వేసి, రోగి కళ్లు ఉండేచోట ఒక చుక్క పెట్టండి. నేల నుంచి సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు. ఆ చుక్క నుంచి కిటికీ గట్టు మీదుగా గీత లాగండి. గట్టు 90 ఉంటే గీత ఆకాశంలోకి పోతుంది. అంటే రోగికి దక్కేది కళ్లు జిగేలుమనిపించే తెల్లని ఆకాశం ఒక్కటే. నేనైతే గట్టు 60 దాటనివ్వను. పై అంతస్తుల్లో కింది పలకను తెరుచుకోకుండా బిగించి, పగిలినా ఊడిపడని లామినేటెడ్ గాజు వేయిస్తాను. మంచం కాళ్లవైపు ఎదురుగా కిటికీ పెట్టకండి, పక్కన పెట్టండి.

గాజు ఖర్చు దగ్గర క్లయింట్ నసిగితే పరిశోధకుడు రోజర్ ఉల్‌రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనం గురించి చెబుతాను. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే ముందే ఇంటికెళ్లారు. ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారు. నిజానికి అది వెలుగు మీద చేసింది కాదు, బయటి దృశ్యం మీద. అయితేనేం, రెండూ వచ్చేది ఒకే కిటికీలోంచి.

నేల నుంచి కిటికీ పై అంచు ఎంత ఎత్తుంటే, దాదాపు దానికి రెట్టింపు దూరం దాకా గదిలోకి వెలుగు బాగా వస్తుంది. అందుకే వెడల్పు పెంచేకంటే లింటెల్‌ను, అంటే కిటికీ పైనుండే దూలాన్ని, ఎత్తడం మేలు. ఏసీ డక్టులవాళ్లు ఫాల్స్ సీలింగ్‌ను కిటికీ దగ్గరే కిందికి దించుతామంటారు. ఆ తగాదా డ్రాయింగుల దశలోనే తేల్చుకోండి.

తూర్పు, పడమర ఎండ వాలుగా వస్తుంది కాబట్టి సజ్జ ఒక్కటే దాన్ని ఆపలేదు. బయట నిలువు పలకలో, బ్లైండ్లో కావాలి. లోపలి కర్టెన్ లాగేసరికి వేడి గదిలోకి వచ్చేసి ఉంటుంది. ఏది పెట్టినా దాని స్విచ్చు మంచం మీంచి అందాలి. లేకపోతే పొద్దున మూసింది సాయంత్రం దాకా అలాగే ఉంటుంది.

రంగు గాజు వద్దు. కళ్లలో పసుపు, పెదాల్లో నీలం డాక్టరు కంటితోనే పసిగట్టాలి. కిటికీ పక్క గోడకు ముదురు రంగు వేసినా అదే ఇబ్బంది.

ఇక చోటు చాలనప్పుడు ముందు కిటికీ పోయేది నర్సుల విశ్రాంతి గదికే. దాన్ని బయటి గోడకు చేర్చి, స్టోరునూ సర్వర్ గదినీ మధ్యలోకి తొయ్యండి.