అడవికి తీసుకెళ్లే ముందు శాటిలైట్ ఇంటర్నెట్ కిట్‌ను పరీక్షించడం ఎలా?

మందలు మేపుకునే మకాముకో, చేపల వేట బసకో శాటిలైట్ ఇంటర్నెట్ తీసుకెళ్లేవాళ్లు ఎక్కువగా సిగ్నల్ గురించే బెంగపడతారు. పైన ఆకాశం తెరిపిగా ఉంటే సిగ్నల్ ఎలాగూ దొరుకుతుంది. ముందు చేతులెత్తేసేది కరెంటు. పరీక్ష అక్కడే మొదలుపెట్టాలి.

బ్యాటరీకీ డిష్‌కీ మధ్య వాట్-అవర్లు చూపే డీసీ మీటర్ పెట్టి ఒక రోజంతా నడపండి. స్టార్‌లింక్ మినీ లాంటి చిన్న డిష్ మామూలుగా 25–40 వాట్లు లాగుతుంది. 30 వాట్లే అనుకున్నా 24 గంటలకు 720 వాట్-అవర్లు. 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేది 1280. వరసగా రెండు రోజులు మబ్బు పడితే అంతే సంగతులు! అదే పొద్దున గంట, సాయంత్రం గంట వాడితే 60 సరిపోతాయి. వాతావరణం చూసుకోవడానికి, సరుకు ధర కనుక్కోవడానికి, ఇంటికి కబురు పెట్టడానికి అంతకుమించి అక్కర్లేదు. డిష్ మీది మంచును కరిగించే హీటింగ్ ఆన్ అయితే వాడకం పెరుగుతుంది, ఆ అంకె విడిగా రాసుకోండి.

తర్వాత కేబుల్. మినీకి కనీసం 12 వోల్టులు అందాలి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 15 మీటర్లు లాగితే, 40 వాట్ల లోడు దగ్గర వోల్టుకు పైగా దారిలోనే పోతుంది. బ్యాటరీ దగ్గర 12.8 కనిపిస్తున్నా డిష్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. చాలామంది దీన్ని సిగ్నల్ లోపమనుకుని డిష్‌ను అటూ ఇటూ తిప్పుతుంటారు. మందమైన తీగ వేయండి, లేదా 24 వోల్టుల బ్యాటరీకి మారండి. మీటర్‌ను డిష్ చివరన, లోడు మీద ఉండగానే పెట్టి చూడాలి.

చలి ప్రాంతమైతే ఇంకో రెండు గండాలు. సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల దెబ్బతింటుంది, మళ్లీ కోలుకోదు. తక్కువ ఉష్ణోగ్రతలో ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఉన్నదే కొనండి, రాత్రి గుడారం లోపలే ఉంచండి. సోలార్ ప్యానెల్ తీరు వేరు: చలికి దాని వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.3 శాతం. 22 వోల్టుల ప్యానెళ్లు రెండు సిరీస్‌లో కలిపితే 25 డిగ్రీల దగ్గర 44 వోల్టులు, మైనస్ 25 దగ్గర 50 దాటుతుంది. 50 వోల్టుల పరిమితి ఉన్న ఛార్జ్ కంట్రోలర్ కాలిపోవచ్చు.

సిగ్నల్‌కు చెట్ల అడ్డు ఉందో లేదో డిష్ యాప్‌లోనే తెలుస్తుంది. ఆకులు రాలిన కాలంలో బాగున్న చోటు చిగురు వచ్చాక పనికిరాకపోవచ్చు.

ప్రాణాపాయానికి మాత్రం ఈ కిట్‌ను నమ్ముకోవద్దు. 406 మెగాహెర్ట్జ్ బీకన్ (ఆపదలో ఉపగ్రహం ద్వారా సహాయక దళాలకు సంకేతం పంపే చిన్న పరికరం) ఒకటి విడిగా ఒంటి మీదే ఉండాలి. బయల్దేరే ముందు దాని బ్యాటరీ గడువు, రిజిస్ట్రేషన్ చూసుకోండి.