లా చదువులో, ప్రాక్టీసు తొలి ఏళ్లలో ఎదురయ్యే ఇబ్బందులు: కారణాలు, పరిష్కారాలు

క్లాసులో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా కోర్టు హాల్లోకి వెళ్లాక ఏం జరుగుతోందో అర్థంకాక టెన్షన్ పడుతుంటారు. తెలివి తక్కువై కాదు. కాలేజీలో గైడు చదివి, ఆఫీసులో పక్కవాళ్లు చెప్పింది విని పని నడిపించడం అలవాటైపోవడం వల్ల. చట్టాన్నీ కేసు కట్టనూ స్వయంగా చదివితే ఈ ఇబ్బందుల్లో చాలావరకు తీరిపోతాయి.

సమస్య: సెక్షన్లు ఎన్నిసార్లు చదివినా గుర్తుండవు

కారణం: గైడులో సెక్షన్ సారాంశం ఉంటుంది, సెక్షన్ ఉండదు. సారాంశం పరీక్ష అయ్యేదాకా నిలుస్తుంది, అంతే.

పరిష్కారం: బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకం) కొని, సెక్షన్‌ను ముక్కలు చేసి చదవండి. భారతీయ న్యాయ సంహిత (ఏది నేరమో, దానికి ఏ శిక్షో చెప్పే కొత్త చట్టం) 303వ సెక్షన్, అంటే దొంగతనం, తీసుకోండి. వస్తువు చరాస్తి అయి ఉండాలి. అది మరొకరి స్వాధీనంలో ఉండాలి. వాళ్ల సమ్మతి ఉండకూడదు. అక్రమంగా లాభపడాలనో నష్టపెట్టాలనో ఉద్దేశం ఉండాలి. తీసుకోవడానికి దాన్ని కదిలించాలి. ఇందులో ‘యజమాని’ అన్న మాట ఎక్కడుందో వెతకండి, కనబడదు. సెక్షన్ కింద ఉన్న ఉదాహరణల్లో ఒకటి చూడండి: తన వాచీని తాకట్టు పెట్టినవాడు అప్పు తీర్చకుండా, చెప్పకుండా దాన్ని తెచ్చేసుకుంటే, వాచీ తనదే అయినా అది దొంగతనమే. ఇది ఒక్కసారి అర్థమైతే స్వాధీనానికీ హక్కుకూ ఉన్న తేడా ఎప్పటికీ మర్చిపోరు. ఉదాహరణలను చాలామంది దాటేస్తారు. నేనైతే ముందు వాటినే చదవమంటాను.

సమస్య: పాత చట్టం, కొత్త చట్టం కలిసిపోయి గందరగోళం

కారణం: 2024 జూలై 1 నుంచి మూడు కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. కానీ అంతకు ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతి అయిన ఐపీసీయే వర్తిస్తుంది. ఆ కేసులు ఇంకా చాలాకాలం నడుస్తాయి కాబట్టి రెండూ తెలియాల్సిందే.

పరిష్కారం: ఫైలు తెరవగానే ముందు నేరం జరిగిన తేదీ చూడండి. తర్వాత నోట్‌బుక్‌లో రెండు వరుసలు గీసుకుని మీ చేత్తో రాసుకోండి: ఐపీసీ నుంచి న్యాయ సంహితకు: హత్య 302 ఇప్పుడు 103, మోసం 420 ఇప్పుడు 318(4). కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ నుంచి దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితకు: ఎఫ్‌ఐఆర్ 154 ఇప్పుడు 173, మనోవర్తి (భరణం) 125 ఇప్పుడు 144. అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది 482 దగ్గర. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమని అడిగేది). నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు, క్వాష్ 528కి వెళ్లింది. అందుకే నంబరు కంటే ముందు చట్టం పేరు చెప్పడం అలవాటు చేసుకోండి.

సమస్య: తెలుగు మీడియంలో చదివాను, ఇంగ్లిష్‌లో డ్రాఫ్టింగ్ రావడం లేదు

కారణం: భాష కొంతే. ఏం రాయాలో ముందు తేల్చుకోకపోవడమే ఎక్కువ.

పరిష్కారం: క్లయింట్ చెప్పిందంతా తేదీల వారీగా తెలుగులోనే రాయండి. ఆ తర్వాత ఒక్కో సంగతికి ఒక్కో చిన్న ఇంగ్లిష్ వాక్యం. దావాలో ముఖ్యమైన వాస్తవాలే క్లుప్తంగా ఉండాలని, సాక్ష్యాన్ని అందులో నింపకూడదని సీపీసీ (సివిల్ కేసుల విధానం చెప్పే చట్టం) ఆర్డర్ 6 రూల్ 2 చెబుతోంది. అంటే చట్టం అడిగేది సాదా ఇంగ్లిష్‌నే. పాత విక్రయ దస్తావేజులు, పహాణీలు, అడంగళ్లు (భూమి, సాగు వివరాల రెవెన్యూ రికార్డులు) తెలుగులో చదివి హద్దులు సరిచూడగలిగే జూనియర్ ఏ సివిల్ ఆఫీసుకైనా అవసరం. మీ మీడియం గురించి చిన్నబుచ్చుకోకండి.

సమస్య: కోర్టుకు వెళ్తున్నాను, ఏమీ నేర్చుకోవడం లేదు

కారణం: కాల్ వర్క్‌లో (ఉదయం కేసులను వరుసగా పిలిచేటప్పుడు) పేరు పిలవగానే లేచి వాయిదా అడగడంతోనే రోజు గడిచిపోతోంది. ఆ కేసు ఏ దశలో ఉందో తెలియదు. సీనియర్ గారు నేర్పడం లేదని బాధపడతాం గానీ, ఆయన బల్ల మీద ఉన్న కట్టలన్నీ పాఠాలే.

పరిష్కారం: మర్నాటి లిస్టులోని కేసుల్లో రోజుకు ఒక ఫైలు మొదటి కాగితం నుంచి చివరిదాకా చదవండి. చెక్ బౌన్స్ కేసుతో మొదలుపెడితే తేలిక. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు నుంచి తెలిసిన తేదీ రాయండి. అక్కడి నుంచి 30 రోజుల్లో నోటీసు వెళ్లిందా? నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు ఇచ్చారా? అది దాటిన నెలలోపు కంప్లయింట్ పడిందా? ఈ తేదీలు మీరే లెక్కగట్టి చూస్తే, ఆలస్యం ఎక్కడ జరిగిందో, ఎదుటి పక్షం దేన్ని పట్టుకుంటుందో మీకే కనిపిస్తుంది. అప్పుడు సీనియర్ గారిని అడిగే ప్రశ్న కూడా మారుతుంది. ‘‘సార్, ఇదేంటి?’’ అనడం మానేసి ‘‘సార్, నోటీసు అందినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ ఫైల్లో లేదు, ఎలా రుజువు చేస్తాం?’’ అంటారు. దానికి జవాబు చెప్పని సీనియర్ అరుదు.

కోర్టు ఆఫీసు అభ్యంతరాలతో రిటర్న్ అయిన దావాలను కూడా వదలకండి. కోర్టు ఫీజు, విలువ కట్టడం, ఏ కోర్టు పరిధి అన్నవి ఆ అభ్యంతరాల్లోనే బాగా తెలుస్తాయి. గుమాస్తా గారిని గౌరవంగా అడగండి, ఫైలింగ్ సంగతులు ఆయనకు తెలిసినంతగా చాలామంది వకీళ్లకు తెలియవు.

సమస్య: ఇంటికి పంపడానికి చేతిలో డబ్బు లేదు

కారణం: జూనియర్‌కు ఇంత ఇవ్వాలని బలవంతం చేసే నియమం లేదు. పట్టణాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది, కానీ అది సూచన మాత్రమే. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. పేదింటి పిల్లలు ఈ వృత్తిని వదిలి వెళ్లిపోయేది ఇక్కడే.

పరిష్కారం: చేరేముందే స్టైపెండ్ గురించి మొహమాటం లేకుండా అడగండి. ఎన్‌రోల్ అయ్యాక (బార్ కౌన్సిల్‌లో అడ్వకేట్‌గా పేరు నమోదయ్యాక) పూర్తికాలపు జీతం ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేయడానికి బార్ కౌన్సిల్ రూల్ 49 ఒప్పుకోదు, ఆ దారి పట్టకండి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు సంగతి కూడా తెలుసుకోండి: చట్టంలో ఉన్నది జనరల్ అభ్యర్థులకు మొత్తం 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకు మించి వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తేల్చింది.

సమస్య: జడ్జి పరీక్ష రాయాలని ఉంది, ప్రాక్టీసు ఎందుకు?

2025 మే 20 తీర్పుతో సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను తిరిగి తెచ్చింది. ఆ కాలాన్ని ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ ఎగ్జామ్‌కు ముందు జరిగే తాత్కాలిక నమోదు) తేదీ నుంచే లెక్కిస్తారు. అందుకని బార్ ఎగ్జామ్ పాసయ్యాక చూద్దాంలే అని ఎన్‌రోల్‌మెంట్ వాయిదా వేయకండి. కనీసం పదేళ్ల అనుభవం ఉన్న అడ్వకేట్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, దానికి న్యాయాధికారి ధ్రువీకరణ కూడా ఉండాలి. మొదటి వారం నుంచే మీరు హాజరైన కేసు నంబరు, కోర్టు, తేదీ డైరీలో రాస్తూ ఉండండి.