చెరువు నీటిలో ప్రాణవాయువు: 3వ పాఠం – రాత్రి గీత

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీఓ మీటరును సరిచూసుకోవడం, చెరువులో వేర్వేరు లోతుల్లో కొలత తీయడం గత పాఠంలో నేర్చుకున్నాం. వారం రోజులుగా కొలతలు రాసుకుంటున్నవారు ఈపాటికి ఒక సంగతి గమనించే ఉంటారు. సాయంత్రం లీటరుకు 9 మిల్లీగ్రాములు చూపిన నీరే తెల్లవారేసరికి 3 చూపిస్తుంది. మీటరు చెడిపోలేదు. రాత్రంతా చెరువు ఊపిరి పీల్చుకుంది, అంతే.

ఎండ ఉన్నంతసేపు నీటిలో తేలే కంటికి కనిపించనంత చిన్న మొక్కలు, అంటే ఆకుపచ్చ ప్లవకాలు, ఆక్సిజన్ విడుదల చేస్తాయి. 30 డిగ్రీల మంచినీటిలో గాలి నుంచి కరిగి నిలవగలిగేది లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములే అయినా, పచ్చటి చెరువులో మధ్యాహ్నానికి అంతకు మించి ఉండటానికి కారణం ఇదే. చీకటి పడగానే ఆ విడుదల ఆగిపోతుంది, కానీ ఆ ప్లవకాలు ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. అడుగు బురదలోని బాక్టీరియా, చేపలు కూడా వాటితో కలుస్తాయి. రాత్రి ఆక్సిజన్‌ను ఖర్చు చేసేది చేపలేనని చాలామంది అనుకుంటారు. మేత వేసి పెంచే చెరువుల్లో తరచూ వాటి వాటా కంటే ప్లవకాలది, బురదది కలిపి ఎక్కువ.

ఇక పెరుగుదల సంగతి. మేతను అరిగించుకోవడానికి, దాన్ని కండగా మార్చుకోవడానికి చేపకు అదనపు ఆక్సిజన్ కావాలి. అది దొరకనప్పుడు చేప చేసే మొదటి పని తిండి తగ్గించడం. వెచ్చటి నీటి చేపలకు 5 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే నిశ్చింత. 3 కంటే తగ్గితే చాలా జాతులు మేత సరిగా ముట్టవు. తిన్న కాస్తా ఒంటికి పట్టదు. మిగిలిన మేత కుళ్లి, ఉన్న ఆక్సిజన్‌ను ఇంకా హరిస్తుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచే దాకా ఆగి అప్పుడు కంగారు పడటం నాకు నచ్చని అలవాటు. పెరుగుదల అంతకు ఎన్నో రోజుల ముందే కుంటుపడి ఉంటుంది.

సంతానం విషయంలో నీరు ఇంకా కఠినం. గుడ్డుకు మొప్పలు ఉండవు. పొర గుండా మెల్లగా ఇంకే ఆక్సిజనే దానికి ఆధారం. గుడ్డును అంటుకుని ఉన్న పలుచటి నిశ్చల నీటి పొరలో అది ముందుగా అయిపోతుంది. అందుకే మీటరు మంచి అంకె చూపినా, కదలని నీటిలో గుట్టగా పడిన గుడ్లలో లోపలివి చనిపోతాయి. స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపలో మగది గూటి ముందు నిలబడి, రొమ్ము రెక్కలతో గుడ్లకు నీరు విసురుతుంది. గుడ్లను పొదిగించే హేచరీలలో నీటిని తిప్పుతూ ఉంచడం కూడా ఆ పనే. తల్లిచేపలకూ ముప్పు ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర వారాల తరబడి ఉంచిన కామన్ కార్ప్ చేపల్లో పునరుత్పత్తి హార్మోన్లు తగ్గాయని, గుడ్లు, వీర్యకణాల నాణ్యత దిగజారిందని ప్రయోగాల్లో తేలింది.

కాబట్టి తెల్లవారుజామున ఎంత మిగులుతుందో ముందురోజు రాత్రే తెలిస్తే మేలు. అందుకు గీత గీద్దాం. గళ్ల కాగితం మీద అడ్డంగా గంటలు, నిలువుగా మిల్లీగ్రాములు వేసుకోండి. బాగా చీకటి పడ్డాక ఒకసారి, మూడు గంటల తర్వాత మరోసారి, ఒకే చోట, ఒకే లోతులో కొలవండి. ఉదాహరణకు 7 గంటలకు 9.0, 10 గంటలకు 7.2 వచ్చిందనుకుందాం. మూడు గంటల్లో 1.8 తగ్గింది, అంటే గంటకు 0.6. రెండు చుక్కలనూ కలిపి గీతను తెల్లవారుజామున 6 దాకా పొడిగించండి. ఇంకో ఎనిమిది గంటల్లో 4.8 పోతుంది, మిగిలేది 2.4. 5కు, 3కు మధ్యనున్న 4ను హెచ్చరిక హద్దుగా పెట్టుకుందాం. ఈ గీత 4ను దాటి కిందికి దిగేది 3.20 ప్రాంతంలో. నీటిలోకి గాలిని కలిపే యంత్రం ఏరేటర్‌ను 2.30కే వేయాలని కాగితమే చెబుతోంది. ఉదయం మేతను కూడా మీటరు మళ్లీ 4 దాటే వరకు ఆపాలి.

రాత్రి ఖర్చు ఇంచుమించు ఒకే వేగంతో సాగుతుందన్న ఊహ మీద ఈ లెక్క నిలుస్తుంది. గాలి బలంగా వీచినా, వాన పడినా, మధ్యలో ఏరేటర్ తిరిగినా గీత తప్పుతుంది. గీత చూపిన అంకె మరీ దిగువన ఉంటే ఉదయం దాకా వేచి ఉండకండి. అర్ధరాత్రి మరోసారి కొలిచి గీతను సరిచేయండి.

వచ్చే పాఠంలోగా మూడు రాత్రులు ఈ గీత గీయండి. ఏరేటర్ వేయనవసరం లేని రాత్రులే ఎంచుకోండి. ప్రతి ఉదయం సూర్యోదయానికి ముందు కొలిచిన అసలు అంకెను ఎరుపు చుక్కగా పెట్టండి. మూడు కాగితాల్లో ఒకటైనా మబ్బు పట్టిన పగలు తర్వాతి రాత్రిది కావాలి. ఆ రోజు సాయంత్రం చుక్క ఎక్కడ మొదలైందో దాని పక్కనే రాసి ఉంచండి. నాలుగో పాఠం అక్కడి నుంచి మొదలవుతుంది.