చిన్న డెస్క్‌టాప్ కొనేటప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఎలా ఎంచుకోవాలి?

చెన్నై మౌంట్ రోడ్డుకు ఆనుకుని ఉన్న రిచీ స్ట్రీట్‌లో అరచేతిలో పట్టే మినీ పీసీలు మొదలుకొని, ఆఫీసులు వాడి అమ్మేసిన చిన్న డెస్క్‌టాప్‌ల దాకా దొరుకుతాయి. దుకాణంలో ముందుగా వినిపించేవి ఐ5, ఐ7, రైజెన్ 7 వంటి ప్రాసెసర్ పేర్లే అయినా, ముందు తేల్చుకోవలసింది గ్రాఫిక్స్ (తెర మీద బొమ్మను తయారుచేసే భాగం) సంగతి. ర్యామ్, ఎస్‌ఎస్‌డి చాలావరకు తరువాత పెంచుకోవచ్చు గానీ, మినీ పీసీల్లో చాలావాటికి గ్రాఫిక్స్ కార్డు పెట్టే చోటే ఉండదు.

1. మీరు చేసే పనుల్లో అన్నిటికన్నా బరువైనది ఏదో కాగితం మీద రాసుకోండి. ఇంటర్నెట్, ట్యాలీ, పిల్లల ఆన్‌లైన్ తరగతులు, సినిమాలు మాత్రమే అయితే 4 కోర్ల (లెక్కలు చేసే భాగాలు) ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ చాలు. ఫోటోల ఎడిటింగ్, కొద్దిపాటి వీడియో పని, పాత గేములు ఉంటే రైజెన్ 7 7840హెచ్‌ఎస్‌లో ఉన్న రేడియాన్ 780ఎం వంటి అంతర్గత (ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉండే) గ్రాఫిక్స్ చూడండి. బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్), కొత్త గేములు అయితే విడి గ్రాఫిక్స్ కార్డు పట్టే పెట్టెనే ఎంచుకోవాలి.

2. ప్రాసెసర్ పేరును చివరి అక్షరం దాకా చదవండి. రైజెన్ 7 7730యు, 7840యు ఒకే తరానివిగా కనిపిస్తాయి; కానీ మూడో అంకె చెప్పేది అసలు డిజైన్‌ను కాబట్టి, మొదటిది జెన్ 3 అనే పాత డిజైన్, రెండోది జెన్ 4 అనే కొత్తది. ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అంతర్గత గ్రాఫిక్స్ లేనట్టే.

3. అంతర్గత గ్రాఫిక్స్ ర్యామ్‌నే పంచుకుంటుంది కనుక 16 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి కాకుండా 8 జీబీవి రెండు వేయించుకోండి; అప్పుడు రెండు ఛానెళ్లు (ర్యామ్‌కు, ప్రాసెసర్‌కు మధ్య దారులు) పనిచేస్తాయి. ఒక్క స్టిక్‌తో 780ఎం వేగం బాగా పడిపోతుంది. చాలామంది ఈ ఒక్క విషయం అడగకుండానే డబ్బు కట్టేస్తారు, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఎన్100 ఒకే ఛానెల్‌తో పనిచేస్తుంది గనుక దానికి ఈ లెక్క వర్తించదు.

4. వేడి గురించి తప్పక ఆలోచించండి. రోహిణి కార్తెలో చెన్నై ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఏసీ లేని గదిలో, ఇరుకు పెట్టెలో శక్తిమంతమైన చిప్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అందువల్ల ఆ చిప్‌ను ఎన్ని వాట్ల దగ్గర నడిపిస్తున్నారో అడిగి, వీలైతే దుకాణంలోనే కాసేపు బరువైన పని పెట్టి ఫ్యాన్ చప్పుడు వినండి. మూసి ఉండే టీవీ అల్మరాలో మాత్రం పెట్టవద్దు.

5. విడి కార్డు కావాలంటే లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) కార్డు పట్టే కేసు తీసుకోండి. మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. 70 వాట్లతో నడిచే ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు సాధారణంగా ఆ పరిధిలోనే సరిపోతుంది. అయినా పవర్ సప్లై సామర్థ్యం, కార్డు పొడవు కొలిచి చూసుకోవాలి.

6. వాడినది కొంటుంటే ఇంటెల్ 8వ తరానికి ముందువి వదిలేయండి: విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా వాటిపై నడవదు. 6 కోర్లు, 35 వాట్ల ఐ5-8500టి ఇంటి పనికి ఇప్పటికీ నమ్మదగినదే.

డబ్బు కట్టే ముందు టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీ తెరిపించి, ప్రాసెసర్ పేరు, గ్రాఫిక్స్ పేరు, ఎన్ని ర్యామ్ స్లాట్లు నిండి ఉన్నాయో చూసి, ఆ వివరాలనే బిల్లు మీద రాయించుకోండి.